జనాభా వ్యాసంలో మన అడవి

ప్రతి ఏడూ జూలై 11న ప్రపంచ జనాభా దినోత్సవం జరుపుతాం. 1987లో ఆ రోజుకు భూమి మీద మనుషులు 500 కోట్లు అయ్యారని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. ఆ గుర్తుగా మొదలైన దినం ఇది. బడులు తెరిచి నెల తిరిగేసరికి వస్తుంది. పుస్తకాలు పూర్తిగా అందినా అందకపోయినా వ్యాసరచన పోటీ మాత్రం తప్పదు. అంశం కూడా దాదాపు ఒకటే ఉంటుంది: 'జనాభా పెరుగుదల - పర్యావరణంపై దాని ప్రభావం'. మేము ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయులం. ఈ వ్యాసాన్ని ఏళ్ల తరబడి రాయిస్తున్నాం, దిద్దుతున్నాం, పోటీల్లో కూర్చుని చదువుతున్నాం. కథనో కవితనో విమర్శించినట్టే దీన్ని కూడా ఒకసారి విమర్శకు పెట్టాలని మాకు చాలాకాలంగా ఉంది. మన పిల్లలు కథలు రాయరు, కవితలు ఎవరో ఒకరిద్దరు రాస్తారు. ఈ వ్యాసం మాత్రం ఆరో తరగతి నుంచి ఉద్యోగ పరీక్షల దాకా అందరూ రాస్తారు. అంటే మన గూడేల్లో అన్నిటికంటే ఎక్కువమంది రాసిన తెలుగు రచన ఇదే అన్నమాట.

దాని నడక అందరికీ తెలుసు. ముందు ఒక హెచ్చరిక: నానాటికీ పెరుగుతున్న జనాభా మానవాళికి పెనుసవాలుగా మారింది. తర్వాత అంకెలు: 1951లో 36 కోట్లు, 2011లో 121 కోట్లు. తర్వాత నష్టాల జాబితా: అడవులు తగ్గాయి, వానలు తగ్గాయి, గాలి చెడింది, నీళ్లు చెడ్డాయి, నిరుద్యోగం పెరిగింది. చివర చిన్న కుటుంబం, చెట్లు నాటడం. మొత్తం ఒకటిన్నర పేజీ. గైడు పుస్తకాల్లో ఉన్నదీ ఇదే, టీచర్ ట్రైనింగులో మేము నేర్చుకున్నదీ ఇదే.

అంకెల్లో అబద్ధం లేదు. అరవై ఏళ్లలో దేశ జనాభా మూడింతలు దాటింది. 2022 నవంబరు నాటికి ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందన్నదీ ఐక్యరాజ్యసమితి లెక్కే. మనిషి పెరిగితే తిండి కావాలి, ఇల్లు కావాలి, పొయ్యిలోకి కట్టె కావాలి. దీన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. మా పేచీ వాక్యాలతో.

మండల స్థాయి పోటీలకు వచ్చే కాగితాల్లో దాదాపు ప్రతిదానిలో రెండు వాక్యాలు కనిపిస్తాయి. ఒకటి: 'పరిశ్రమల కొరకు, ఆనకట్టల కొరకు అడవులు నరికివేయబడుతున్నాయి.' రెండోది: 'గిరిజనులు పోడు వ్యవసాయం పేరుతో అడవులను విచక్షణారహితంగా నరికివేస్తున్నారు.' వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది కర్మణి వాక్యం. అందులో కర్త లేడు. అడవి దానంతట అదే నరకబడుతోంది. మిల్లు లేదు, కాంట్రాక్టరు లేడు, అనుమతి మీద సంతకం పెట్టిన చెయ్యి లేదు. రెండోది కర్తరి వాక్యం. కర్త ఉన్నాడు, వాక్యం మొదట్లోనే నిలబడి ఉన్నాడు, చేతిలో గొడ్డలి కూడా ఉంది. పైగా 'విచక్షణారహితంగా' అన్న విశేషణం ఒకటి.

ఇంకో సంగతి. రెండో వాక్యం రాసిన పిల్ల మన పిల్లే. మూడెకరాల పోడు మీద పండిన జొన్నలు తిని పెరిగిన పిల్ల. తన తండ్రి గురించి, తన గురించి ప్రథమ పురుషలో రాసుకుంటుంది. 'వారు' అంటుంది, 'వీరి అజ్ఞానం వల్ల' అంటుంది. వ్యాసం మొత్తమ్మీద ఉత్తమ పురుష ఆఖరి వాక్యంలో ఒక్కసారే వస్తుంది: 'కనుక మనమందరం మొక్కలు నాటాలి.' తప్పు చేసినవాళ్ల లెక్కలో తన ఊరిని 'వారు' అని బయటపెట్టి, దిద్దుబాటు పని దగ్గర 'మనం' అని వచ్చి చేరుతుంది. ఆ కాగితానికి బహుమతి కూడా వస్తుంది, ఎందుకంటే చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అక్షరదోషాలు ఉండవు. మన పిల్ల తెలుగులో తప్పు లేకుండా రాయడం నేర్చుకున్న తొలి పెద్ద వ్యాసంలోనే తన ఇంటి మీద తాను ఫిర్యాదు రాయడం నేర్చుకుంటోంది. మా విమర్శకు మూలం ఇది.

ఈ వ్యాసానికి తాత, ముత్తాత ఉన్నారు. ముత్తాత మాల్థస్. 1798లో ఇంగ్లండులో పుస్తకం రాశాడు. జనాభా గుణశ్రేఢిలో పెరుగుతుంది, తిండి అంకశ్రేఢిలో పెరుగుతుంది, అంటే ఒకటి 1, 2, 4, 8 అని పోతే రెండోది 1, 2, 3, 4 అని నడుస్తుంది, కాబట్టి కరువు తప్పదు అన్నాడు. ఈయన తర్వాత ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను తయారుచేయడానికి పెట్టిన కాలేజీలో పాఠాలు చెప్పాడు. మన దేశానికి దొరలుగా వచ్చిన కుర్రవాళ్లు ఆయన దగ్గర చదువుకున్నారు. తాత పేరు పాల్ ఎర్లిక్, అమెరికాలో సీతాకోకచిలుకల మీద పరిశోధన చేసిన జీవశాస్త్రవేత్త. 1968లో 'పాపులేషన్ బాంబ్' అన్న పుస్తకం రాశాడు. ఢిల్లీలో ఒక రాత్రి టాక్సీలో పోతూ జనాన్ని చూసి భయపడ్డానని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఢిల్లీ కంటే పారిస్ పెద్ద నగరం. పారిస్ జనాన్ని చూసి ఎవరూ అలా భయపడి రాయలేదు. 1970లలో కోట్లకు కోట్ల మంది ఆకలితో చచ్చిపోతారని ఆయన చెప్పిన జోస్యం ఆ రూపంలో నిజం కాలేదు. కానీ 'జనాభా బాంబు', 'జనాభా విస్ఫోటనం' అన్న మాటలు మన గైడు పుస్తకాల్లోకి వచ్చి కూర్చున్నాయి. పుట్టిన బిడ్డను బాంబుతో పోల్చిన మాట అది. పిల్లల చేత రాయించే ముందు మనం ఆ పోలికను ఒక్కసారైనా తూకం వేయాలి.

జనం పెరిగారు కాబట్టి పోడు అడవిని మింగుతోంది అంటారు. ఈ నింద జనం పెరగకముందు నుంచీ ఉంది. మద్రాసు అటవీ చట్టం వచ్చింది 1882లో. అప్పుడు ఎవరూ జనాభా విస్ఫోటనం అనలేదు. గోదావరి కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య ఒక పూట నడక. అయినా పోడు కొట్టేవాడు అడవికి శత్రువని తెల్లదొరలు రాశారు, రిజర్వు గీతలు గీశారు. అంతకు మూడేళ్ల ముందే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. పోడు మీద ఆంక్షలు, కల్లు మీద పన్ను, మన్సబుదారు దౌర్జన్యం కారణాలు. 1922లో మన్యం మళ్లీ లేచింది. అల్లూరి సీతారామరాజు పేరుతో దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు గానీ ఆ కోపం వెనుక అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ఉన్నాయన్నది వ్యాసాల్లోకి రాదు. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం పోయిందీ అడవిలో సాగుచేసుకునే హక్కు కోసమే. అదే కాలంలో రైలు పట్టాల కింద వేయడానికి టేకు, మద్ది దుంగలు అడవి నుంచి బండ్లకు బండ్లు పోయాయి. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే కర్రలు ఏ పొలంలో పండుతాయి?

తర్వాతి కాలం మన తండ్రులు చూసిందే. కాగితం మిల్లులకు, రేయాన్ మిల్లులకు వెదురును ప్రభుత్వమే చవక ధరకు ఇచ్చింది. బుట్టలు అల్లుకునేవాడు రెండు బొంగులు తెస్తే కేసు. లారీల్లో పోయేదానికి పర్మిట్. ఇప్పచెట్టు, తునికి, మొర్రి, కరక ఉన్న అడవిని కొట్టి వరసగా టేకు నాటారు, నీలగిరి నాటారు, దానికి ప్లాంటేషన్ అని పేరు పెట్టారు. లెక్కల్లో అది కూడా అడవే. దాని కింద గడ్డి మొలవదు, దాంట్లో పువ్వు ఏరుకునేది లేదు. ఏలూరు జిల్లా వైపు వెళ్లి జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు కాల్చే బ్యారన్లు చూడండి. ఆకు పండాలంటే రోజుల తరబడి కట్టెల మంట కావాలి. ఆ పొగాకు కాల్చేవాళ్లు మన గూడేల్లో ఉండరు. పోలవరం ప్రాజెక్టు కిందకు పోయేది 3,700 హెక్టార్లకు పైగా అడవి, లక్షకు పైగా కుటుంబాల ఇళ్లు, పొలాలు. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో అందరికీ తెలుసు. ఆ నీళ్లు ఏ ఊళ్లకు, ఏ నగరాలకు, ఏ ఫ్యాక్టరీలకు పోతాయో కూడా తెలుసు. ఈ లెక్కలో మన తలల సంఖ్య ఎక్కడ వచ్చింది?

తలల లెక్కే కావాలంటే అదీ చూద్దాం. 2022లో ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనం తొమ్మిదిన్నర లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 80 మంది లోపే. దేశ సగటు 382. హైదరాబాద్ జిల్లాలో 18 వేలు దాటింది. అటవీ సర్వే సంస్థ 2021 నివేదికలో దేశం మొత్తమ్మీద అడవి 22 శాతం లోపు ఉంటే, గిరిజన జిల్లాలుగా గుర్తించిన చోట 37 శాతం దాటింది. దీన్ని చూపించి 'చూశారా, మనం ఉన్నాం కాబట్టే అడవి ఉంది' అని మనవాళ్లు సభల్లో చప్పట్లు కొట్టిస్తారు. అంత తొందర వద్దు. మైదానంలో మంచి నేలలు పోయి కొండలెక్కిన జాతులు మనవి కాబట్టి అడవి మిగిలిన చోటే మనమూ మిగిలాం అని ఎవరైనా ఎదురు చెప్పవచ్చు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఒక్క మాట మాత్రం ఖాయంగా చెప్పవచ్చు. జనం ఎక్కువ ఉన్న చోట అడవి పోతుంది, తక్కువ ఉన్న చోట ఉంటుంది అన్నంత తేలికగా ఈ విషయం లేదు. లేకపోతే బొగ్గు గనుల పక్కన ఊళ్లే లేని చోట కొండంత గోతులు ఎలా పడ్డాయి?

ఇక మనవైపు చూసుకోవాలి. ఇక్కడే మన రచయితల మీద కూడా మాకు ఫిర్యాదు ఉంది. ఇలాంటి పుస్తకాల్లో వచ్చే వ్యాసాల్లో ఆదివాసీ ఏనాడూ చెట్టు మీద చెయ్యి వేయనట్టు, అడవి తల్లి ఒడిలో అలా కూర్చుని ఉన్నట్టు రాస్తారు. చదవడానికి బాగుంటుంది. పోడు కొట్టినవాళ్ల పిల్లలకు మాత్రం అది నవ్వు తెప్పిస్తుంది. మన గూడేల్లోనూ జనం పెరిగారు. తాత కాలంలో ఇరవై ఇళ్లున్న గుంపులో ఇప్పుడు నలభై, యాభై ఇళ్లున్నాయి. పోడు వదిలేసే కాలం తగ్గింది. దీన్ని దాచిపెట్టి వాదిస్తే వాదన నిలవదు. దీన్ని ఒప్పుకుంటే వాదన పోతుందన్న భయమూ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లల చేత బోర్డు మీద వేయించే లెక్క ఒకటుంది. అందరూ వేసి చూడండి.

ఒక కుటుంబానికి ఒక్కో ఏడూ మూడెకరాల సాగు కావాలనుకుందాం. ఒక చెలకను రెండేళ్లు పండించి వదిలేస్తారు. పదేళ్లు అది అడవిగా తిరిగి పెరుగుతుంది. పన్నెండో ఏడు దాటాక మళ్లీ అక్కడికి వస్తారు. అంటే ఒక్కో ఇంటికి మూడెకరాల చొప్పున ఆరు చెలకలు, మొత్తం 18 ఎకరాల తిరుగుడు కావాలి. ఇరవై ఇళ్లకు 360 ఎకరాలు. పదేళ్ల విశ్రాంతి ఉంటే మొదళ్ల నుంచి చెట్టు లేస్తుంది, ఆకు రాలి నేల బలుస్తుంది. మన పెద్దలు ఇప్ప, చింత, మామిడి, తునికి కొట్టకుండా వదిలేవారు కాబట్టి చెలక నడుమ కూడా నీడ ఉండేది.

ఇప్పుడు రిజర్వు గీత వచ్చి సగం తీసుకుంది. 180 ఎకరాలు మిగిలాయి. ఇంటికి తొమ్మిదెకరాలు, అంటే మూడు చెలకలు. విశ్రాంతి పదేళ్ల నుంచి నాలుగేళ్లకు పడిపోయింది. ఒక్క బిడ్డ కూడా అదనంగా పుట్టకుండానే ఇది జరిగింది. ఇక గీత రాలేదనుకుని, ఇళ్లు మాత్రం ఇరవై నుంచి నలభై అయ్యాయనుకుందాం. 360 ఎకరాలను నలభైతో భాగిస్తే ఇంటికి మళ్లీ తొమ్మిదే. విశ్రాంతి మళ్లీ నాలుగేళ్లే. గీత ఎంత కోత పెట్టిందో, సంతానం అంతే కోత పెట్టింది. రెండూ కలిసి వస్తే? ఇంటికి నాలుగున్నర ఎకరాలు, చెలకన్నర. రెండేళ్లు పండించి ఒక్క ఏడాది వదిలి మళ్లీ అక్కడికే రావాలి. ఏడాదిలో చెట్టు లేవదు, తుప్ప లేస్తుంది. ఆ తర్వాత ఎవరూ వదలరు. పోడు పోయి పర్మనెంటు చెలక అవుతుంది. మనం ఈవేళ చూస్తున్నది అదే.

ఈ లెక్కలో రెండు కోతలున్నాయి. జనాభా వ్యాసంలో ఒక్కటే ఉంటుంది. మన సభల ఉపన్యాసాల్లో రెండోది ఒక్కటే ఉంటుంది. పిల్లలకు రెండూ కలిపి చెప్పాలన్నది మా పట్టుదల.

అసలు జీవితంలో కోతలు రెండే కావు. ఏజెన్సీ మండలాల్లో జనాభా పెరిగిందంటే అది మన ఇళ్లలో పురుళ్ల వల్ల పెరిగినదేనా? మైదానం నుంచి వచ్చి కాలువ కింద, వాగు పక్కన మంచి నేలలు పట్టినవాళ్ల సంఖ్య అందులో ఎంత? 1/70 చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని అది చెబుతుంది. ఆ భూమి ఎవరి చేతిలో ఉందో ఏ గూడెంలో అడిగినా చెబుతారు. పల్లం పోయినవాడు గట్టు ఎక్కుతాడు, గట్టు మీద అడవి ఉంటుంది. గొడ్డలి పట్టుకున్న చేతిని ఫోటో తీస్తారు. ఆ చేతిని గట్టుకు తోసినవాడు ఫోటోలో పడడు.

గుత్తికోయల సంగతి ఇంకొకటి. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు కాలి, ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి ఇవతలకు వచ్చినవాళ్లు వాళ్లు. సుప్రీంకోర్టు 2011లో సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు, భూమి లేదు. కూలి లేని నెలల్లో ఏం తింటారు? లోపలి అడవిలో కొట్టుకుంటారు. ఆ నరుకుడు నిజమే, దానివల్ల మన పాత గూడేలకూ వాళ్లకూ తగాదాలు పెరగడం కూడా నిజమే. మనవాళ్లే కొందరు 'వీళ్ల జనాభా ఎక్కువైంది' అంటుంటే వినాల్సి వస్తోంది. మైదానం వాళ్లు మన మీద రాసిన వ్యాసాన్ని మనం గుత్తికోయల మీద అప్పజెబుతున్నాం.

పత్తి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. పోడులో పూర్వం జొన్న, కంది, సామ, కొర్ర, బొబ్బర కలిపి విత్తేవాళ్లు. ఇప్పుడు పత్తి ఒక్కటే. పత్తికి ఎండ కావాలి కాబట్టి చెలకలో వదిలేసిన ఇప్పచెట్టు కూడా అడ్డమే. గడ్డిమందు కొడతారు, బచ్చలి, తోటకూర, పుట్టగొడుగు అన్నీ పోతాయి. ఇది జనం పెరిగినందువల్ల వచ్చిన మార్పు కాదు. దుకాణం అప్పు వల్ల వచ్చింది. చేసింది మాత్రం మన చేతులే.

ఎర్లిక్ పుస్తకం వచ్చిన 1968లోనే గారెట్ హార్డిన్ అన్న ఇంకో అమెరికా శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చికలో ఎవరికి వారు ఇంకో పశువును, ఇంకో పశువును తోలుకుంటూ పోతారు, చివరికి పచ్చిక నాశనమవుతుంది, జనం పెరిగితే ఉమ్మడి ఆస్తికి అదే గతి అన్నాడు. ఆయన ఊహించుకున్న పచ్చికకు ఊరు లేదు. పటేలు లేడు, పూజారి లేడు, కట్టుబాటు లేదు. మన దగ్గర విజ్జ పండుం చేయకుండా విత్తనం చల్లరు. కొత్త పండుగ కాకుండా మామిడికాయ కొయ్యరు, చిక్కుడుకాయ తినరు. పండుగ రోజు పెద్దలు నిర్ణయిస్తారు. ఆ నాటికి కాయ ముదురుతుంది, టెంక గట్టిపడుతుంది, నేల మీద పడ్డది మొలకెత్తే స్థితికి వస్తుంది. దీన్ని చదువుకున్నవాళ్లు మూఢనమ్మకం అన్నారు. ఊరుమ్మడి వనరులను ఊళ్లే నియమాలు పెట్టుకుని తరతరాలు కాపాడుకోగలవని దేశదేశాల ఉదాహరణలతో చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమె. మన పెద్దలు ఆమె పుస్తకాలు చదవలేదు, చదవాల్సిన పనీ లేదు. అయితే ఆ కట్టుబాటు ఇప్పుడు ఎంత గట్టిగా ఉందన్నది మనమే చెప్పుకోవాలి. తపసి జిగురు కోసం చెట్టు చచ్చేదాకా గాట్లు పెట్టినవాళ్లు, తేనె కోసం పట్టు మొత్తం తగలబెట్టినవాళ్లు మన మధ్య లేరా? షావుకారు ముందే బయానా ఇస్తే పండుగ దాకా ఆగేవాళ్లు ఎంతమంది? నియమం ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. నియమం పేరుకు మిగిలిన ఊళ్లు ఎక్కువ.

వ్యాసం ఆఖర్లో వచ్చే చిన్న కుటుంబం దగ్గరికి వద్దాం. మన అక్కచెల్లెళ్లకు కాన్పుకీ కాన్పుకీ ఎడం కావాలి. పదహారేళ్లకు పెళ్లి, ఇరవై దాటేసరికి మూడు కాన్పులు, ఒంట్లో రక్తం లేకపోవడం, వాగు దాటించి డోలీలో మోసుకుపోవడం మనకు తెలియనివి కావు. ఎంతమంది పిల్లలు, ఎప్పుడు అన్నది ఆమె చెప్పాలి. అందుకు మాత్రలు, సాధనాలు, ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. ఇది ఆమె ఆరోగ్యం కోసం, ఆమె ఇష్టం కోసం. అడవి కోసం ఆమె గర్భసంచి మీద లెక్క వేయడం మాకు ఒప్పుకోలు కాదు. ఈ లెక్క ఎక్కడికి తీసుకుపోతుందో దేశం చూసింది. ఎమర్జెన్సీలో 1976లో మగవాళ్లను పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారు. ఆ వ్యతిరేకత చూసి ప్రభుత్వాలు మగవాళ్లను వదిలేసి ఆడవాళ్ల మీద పడ్డాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిందని తేలింది. దేశం మొత్తమ్మీద మగవాళ్ల ఆపరేషన్లు 0.3 శాతం. కోత చిన్నది, తేలికైనది మగవాడిదే అయినా. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు 83 మంది ఆడవాళ్లకు శిబిరంలో ఆపరేషన్లు చేశారు. ఆ శిబిరాల తర్వాత పదిమందికి పైగా చనిపోయారు. అదే ప్రాంతంలో బైగా వంటి చిన్న తెగలకు ఆపరేషన్ చేయకూడదని 1979లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తెగ అంతరించిపోతుందని భయం. ఆపరేషన్ కావాలని అడిగిన బైగా ఆడవాళ్లకు అది అడ్డమైంది. ఒకచోట బలవంతంగా చేయడం, ఒకచోట అడిగినా చేయకపోవడం. రెండు చోట్లా ఆమెను అడిగినవాళ్లు లేరు.

పిల్లల సంఖ్య ఇప్పుడెంతో కూడా పిల్లల చేత రాయించాలి. అదే సర్వే ప్రకారం దేశంలో ఒక్కో స్త్రీకి సగటున 2 కాన్పులు. షెడ్యూల్డు తెగల్లో 2.1. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని వర్గాలకూ కలిపి 1.7, తెలంగాణలో 1.8. విస్ఫోటనం అన్న మాట ఇంకా వ్యాసంలో ఉంది గానీ ఇళ్లలో లేదు. ప్రభుత్వాల గొంతు కూడా మారింది. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. దానివల్ల మన గూడేల్లో ఎంతమంది వార్డు మెంబరు కూడా కాలేకపోయారో. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని తీసేసింది. ఇప్పుడు పిల్లల్ని కనండి, రాష్ట్రం ముసలిదైపోతోంది అంటున్నారు. ముప్పై ఏళ్లు మన మీద మోపిన నేరం ఒక తీర్మానంతో పుణ్యంగా మారింది. అడవి మాత్రం అక్కడే ఉంది, ఈ రెండు మాటల మధ్య దానికి చెట్టు పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు.

మరి పోటీ పెట్టడం మానేయాలా? అక్కర్లేదు. పదో తరగతి సాంఘికశాస్త్రంలో నర్మదా ముంపు గ్రామమైన జలసింధి నుంచి బావా మహాలియా అనే ఆదివాసీ ముఖ్యమంత్రికి రాసిన ఉత్తరాన్ని మన పిల్లలు చదువుకున్నారు. తన ఊరి గురించి 'మేము' అని రాసిన మాటలు పాఠంగా వచ్చాయి. ఆ పాఠం చెప్పిన బడిలోనే జూలై వ్యాసంలో 'వారు' అని రాయడం ఎందుకు? అంశం ఇలా ఇచ్చి చూడండి: మీ గూడెంలో మీ తాత కాలంలో ఎన్ని ఇళ్లు, ఇప్పుడు ఎన్ని? ఎక్కడి నుంచి వచ్చి కలిశారు? పోడు ఎన్నేళ్లు వదిలేవారు, ఇప్పుడు ఎన్నేళ్లు? మీ ఊరి నుంచి కట్టె, వెదురు, ఇసుక, బొగ్గు బయటకు పోయేది ఎంత, లోపలికి వచ్చేది ఏమిటి? మీ ఇంట్లో నెలకు కరెంటు బిల్లు ఎంత? ఒక అమెరికన్ ఏడాదికి గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు ఒక భారతీయుడి కంటే ఏడింతల దాకా ఉంటుందని చెప్పండి. తర్వాత తమ గూడెంలో ఒక మనిషి ఎంత వదులుతాడో పిల్లల్నే అంచనా కట్టమనండి. కర్మణి వాక్యం రాస్తే కర్త ఎవరని మార్జిన్‌లో ఎర్ర సిరాతో అడగండి. మార్కులు తగ్గించండి కూడా.

తోటి ఉపాధ్యాయులకు ఇంకొక పని ముందుంది. 2021లో జరగాల్సిన జనగణన 2027కు పోయింది, మార్చి 1 లెక్కకు తేదీ. ఏజెన్సీలో ఇంటింటికీ తిరిగేది ఎప్పటిలాగే మనమే. 2011 ఫారంలో ఊరు ఎందుకు మారారన్న ప్రశ్నకు గళ్లు ఇలా ఉండేవి: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తరలింపు, కుటుంబంతో తరలింపు, ఇతరం. ముంపు వల్ల అన్న గడి లేదు. ఊరు కాలిపోవడం వల్ల అన్న గడి లేదు. పోలవరం ముంపు ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు తరలించిన కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఆ ఫారం ప్రకారం అయితే 'ఇతరం'. బస్తర్ నుంచి వచ్చినవాళ్లూ 'ఇతరం'. వాళ్లంతా చేరిన మండలం లెక్కలో మాత్రం జనాభా పెరుగుదల కింద వస్తారు. కొత్త ఫారం చేతికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న దగ్గర ఏ గళ్లున్నాయో ముందు చూసుకోవాలి. గడి ఉన్నా లేకపోయినా, ఎంతమంది ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చారో సొంత నోటుబుక్కులో వేరేగా రాసుకుని గ్రామసభకు చదివి వినిపించాలి.